స్విచ్ వేసిన చెయ్యి

ఫిబ్రవరి 6

బావగారికి నమస్కారాలు.

మా ఆవిడా నేనూ ఈ పరాయి దేశానికి క్షేమంగా చేరాం. ఈ మాట ఫోన్లో చెప్పాను కానీ మీకు వినపడలేదని నాకు తెలుసు. ఏళ్ళ తరబడి కంప్రెసర్ల పక్కన నిలబడ్డ చెవులాయె. మీరు "ఆఁ, ఆఁ, అలాగే" అంటుంటే పక్కన అక్క నవ్వడం మాత్రం నాకు బాగా వినపడింది. అందుకే ఇకమీదట ఉత్తరాలే రాసుకుందాం. నేను కాగితం మీద రాసి, ఫొటో తీసి మేనకోడలి ఫోనుకు పంపుతాను. మీరూ రాసి దాని చేతికివ్వండి, అది పంపుతుంది.

ఇల్లు మూడో అంతస్తులో. ఒక గది, ఒక వంటిల్లు. వంటింట్లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడడం లేదని వచ్చిన రోజే రబ్బరు సరిచేశాను. మీ చెల్లెలు "పెట్టె విప్పకముందే పనిముట్లు విప్పావా" అని సాధించింది. ఆమె వృద్ధుల ఆసుపత్రిలో నర్సుగా చేరిపోయింది. ఆమె కాగితాలు ముందే సరిచూసి మరీ పిలిచారు. చిక్కంతా నాతోనే.

నాకు పండ్ల గోదాములో పని దొరికింది. చల్లని గదులు వరసగా ఉంటాయి. ఒక్కో గదిలో మన వీధి దుకాణాలన్నీ పట్టేస్తాయి. అప్పుడే సంతోషపడిపోకండి. నా పని తుడుపుకర్ర పట్టుకుని ఫ్యాన్ల కింద కారిన నీళ్ళు తుడవడం, కండెన్సర్ రేకుల్లో దుమ్ము దులపడం, మెకానిక్‌కి స్పానర్లు అందించడం. లైసెన్సు లేనివాడు గ్యాస్ పైపు మీద చెయ్యి వేస్తే ఇక్కడ నేరం. పైపు నా ముక్కు ముందే ఉంటుంది, చెయ్యి జేబులోనే ఉండాలి.

ఇప్పుడున్న మెకానిక్ పెద్దాయన వేసవి చివర పని మానేస్తున్నాడు. "అప్పటికి నీకు లైసెన్సు వస్తే ఆ పని నీదే. రాకపోతే బయటివాణ్ణి తీసుకుంటాం" అని మేనేజరమ్మ చెప్పింది. అర్హతల ఆఫీసుకు వెళితే మన టెక్నికల్ స్కూలు సర్టిఫికెట్ చూసి "ఇది సగమే" అన్నారు. మిగతా సగం అనుభవమట. నేను ఎవరి దగ్గర పనిచేశానో ఆయన రాసివ్వాలి. ఆ ఆయన మీరే కదా. షాపు ముద్ర వేసి ఒక ఉత్తరం పంపండి. ఇంత వయసొచ్చాక మళ్ళీ తుడుపుకర్ర దగ్గర మొదలుపెట్టడం కష్టంగానే ఉంది బావా. మీతో కాక ఎవరితో చెప్పుకోను?

అక్కను అడిగానని చెప్పండి.

మీ బావమరిది

ఫిబ్రవరి 15

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం అందింది. మీ అక్క రెండుసార్లు చదివించుకుంది. మొదటిసారి విన్నది, రెండోసారి ఏడ్చింది. తుడుపుకర్ర దగ్గరికొచ్చేసరికి "ఇంట్లో ఏనాడూ చీపురు ముట్టనివాడు" అంది. అది ఏడుపో ఎత్తిపొడుపో నాకు అర్థం కాలేదు.

నా చెవులకేం రాలేదు. ఆ ఫోనే బాగాలేదు. నిన్న ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ బేరింగు పోయిందని గేటు బయటినుంచే చెప్పాను. మనిషి మాట వినకపోతే పోయేదేముంది, మెషిను మాట వినపడితే చాలు.

పక్క దుకాణం దర్జీ నిన్ను అడిగాడు. పిల్లి రోజూ మధ్యాహ్నం డీప్ ఫ్రీజర్ మోటారు దగ్గర వెచ్చగా పడుకుంటోంది. నీ స్టూలు అలాగే ఉంది, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు. దర్జీ కూర్చోబోతే "అది మావాడిది" అన్నాను. మూతి ముడుచుకుని వెళ్ళాడు. సాయంత్రానికి మళ్ళీ వచ్చాడనుకో, టీ వేళకి.

నువ్వు అడిగిన ఉత్తరం దీనితో పంపుతున్నాను. దర్జీ, నేను, మీ అక్క ముగ్గురం కూర్చుని రాశాం. చదివితే ఆ ఆఫీసువాళ్ళు నీకు ఎదురొచ్చి లైసెన్సు ఇవ్వాలి. ఇదిగో చదువుకో:

"సంబంధిత అధికారులకు. ఇతను నా భార్యకు స్వయానా తమ్ముడు. మంచి కుటుంబంలో పుట్టినవాడు. మీసం మొలవకముందు నుంచీ నా దగ్గరే పెరిగాడు. సిగరెట్టు ముట్టడు. పెద్దల ఎదుట కాలు మీద కాలు వేసుకోడు. ఒకరి సొమ్ముకు ఆశపడడు. నోట్లో నాలుక లేనివాడు. భార్యను బాగా చూసుకుంటాడు. పని కూడా వచ్చు. ఇతణ్ణి మీ చేతుల్లో పెడుతున్నాను, కడుపులో పెట్టుకుని చూసుకోగలరు."

ఎలా ఉంది? చివరి మాట మీ అక్కది.

ఆరోగ్యం జాగ్రత్త. ఆ చల్లని గదుల్లోంచి చెమటతో బయటికి రాకు.

నీ మంచి కోరే బావ

మార్చి 9

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని ఇక్కడి భాషలోకి మార్చిన అనువాదకురాలు చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి "ఇది ఉద్యోగానికా, సంబంధానికా?" అని అడిగింది. ఉద్యోగానికేనండీ అన్నాను. "అయితే 'పని కూడా వచ్చు' అన్న ఒక్క మాటేగా పనికొచ్చేది" అంది. మీ చెల్లెలు మాత్రం భార్యను బాగా చూసుకుంటాడన్న వాక్యం కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. గిన్నెలు కడగకపోతే దాన్ని వేలితో చూపిస్తోంది.

అయినా ఆ ఉత్తరం చూసే ఇంటర్వ్యూకు పిలిచారు. పరీక్షకుడు మనలాంటి పనివాడే. మోచేతి మీద కాలిన మచ్చలున్నాయి, నావీ చూశాడు. ఇద్దరం ఒకరి చేతులొకరు చూసుకుని నవ్వుకున్నాం. ఇక భయం లేదనుకున్నాను.

లీకు ఎక్కడుందో పట్టేది ఎవరు అన్నాడు, నేనే అన్నాను. పైపు వెల్డింగ్ ఎవరు చేస్తారు? నేనే. పైపుల్లో గాలంతా లాగేసి వాక్యూమ్ పెట్టేది? నేనే. గ్యాస్ ఎంత పట్టాలో చూసేది? నేనే. ప్రతిదానికీ తలూపుతూ రాసుకుంటున్నాడు. చివరికి, "అంతా అయ్యాక మెషిను మొదటిసారి నడిపించేది ఎవరు?" అన్నాడు.

మా బావ అన్నాను.

"ఎప్పుడూ ఆయనేనా?" ఎప్పుడూ ఆయనే. "ఒక్కసారైనా నువ్వు?" లేదండీ, మా షాపులో పద్ధతి అది, పెద్దవాళ్ళ చెయ్యే పడాలి అన్నాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది. కలం కింద పెట్టి, మళ్ళీ తీసుకుని ఏదో రాశాడు.

నిన్న కాగితం వచ్చింది. "ఇతను సొంతంగా యంత్రాన్ని నడిపించి అప్పగించలేదు. వేరొకరి పర్యవేక్షణలో పనిచేశాడు. సహాయకుడిగా గుర్తిస్తున్నాం." యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అన్నారా. ఇక్కడ మెషిను ఎవరు నడిపిస్తే దాని పూచీ వాళ్ళది. పద్ధతి, గౌరవం అంటే వాళ్ళకు ఎక్కడ అర్థమవుతుంది?

ఒక దారుంది. మళ్ళీ పరిశీలించమని అడగొచ్చు. మొదటినుంచి చివరిదాకా నేను ఒక్కణ్ణే చేశానని యజమాని రాసివ్వాలి. బావా, ఆ పనులప్పుడు మీరు అక్కడ లేరని రాస్తే చాలు. ఒక్క వాక్యం.

వేసవి వచ్చేస్తోంది. మీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ బావమరిది

మార్చి 14

మహారాజశ్రీ మెకానిక్‌గారి సముఖమునకు,

తమరు దయతో రాసిన ఉత్తరం చేరింది. ఆ పనులప్పుడు నేను అక్కడ లేనట. లేనివాడి దగ్గర తమరు పని ఎలా నేర్చుకున్నారో తెలుసుకోవాలని ఉంది.

ఆ స్విచ్ పద్ధతి నేను పుట్టించింది కాదండి. నాకు పని నేర్పిన పెద్దాయనది. ఆయన బతికినంత కాలం నేను ఒక్క స్విచ్ వెయ్యలేదు. ఆయన పోయాకే మొదటిసారి వేశాను. తమకు అదంతా ఒక్క వాక్యంతో పోయే సంగతిలాగా కనపడింది కాబోలు.

అబద్ధం రాయను. నేను అక్కడ ఉన్నాను. ప్రతిచోటా ఉన్నాను. కావాలంటే సాక్ష్యం తెస్తాను.

ఇంకేమీ లేదు. పిల్లి బాగుంది.

ఇట్లు,
అక్కడ లేని బావ

మార్చి 24

బావా,

మీరు నన్ను "తమరు" అన్న ఉత్తరాన్ని మీ చెల్లెలికి చూపించలేదు. నాకు ఊహ తెలిశాక మీరు నన్ను ఒరేయ్ అనకుండా ఉన్నది ఇదే మొదటిసారి. తిట్టినా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

మిమ్మల్ని అబద్ధం రాయమనడం నా ఉద్దేశం కాదు. ఎలా చెప్పాలో తెలియక అలా రాశాను. ఇక ఈ సంగతి వదిలేద్దాం. మీరు ఏమీ రాయనక్కర్లేదు. నీళ్ళు తుడిచినా నెల తిరిగేసరికి జీతం వస్తోంది, మీ చెల్లెలి ఉద్యోగం ఉంది. పస్తులైతే లేం.

ఊరికే కూర్చోలేక సాయంత్రాలు గ్యాస్ క్లాసుకు వెళుతున్నాను. బడిబల్లలు మరీ చిన్నవి, మోకాళ్ళు పట్టడం లేదు. మన దగ్గర గొట్టంలో గాలి పోవడానికి కాస్త గ్యాస్ ఉస్సుమని వదిలేవాళ్ళం కదా. మొదటి రోజు అలవాటు కొద్దీ ఆ పని చేశాను. టీచరమ్మ నేనేదో బాంబు వేసినట్టు చూసింది. చుక్క గ్యాస్ కూడా గాల్లోకి పోకూడదట, అంతా సిలిండర్లోకి తోడుకోవాలి. కరెంటుతో వాటంతట అవే తెరుచుకుని మూసుకునే వాల్వుల గురించి కూడా చెబుతున్నారు. పైపు మీద చిన్న సెన్సారు కట్టి ఉంటుంది, పైపు ఎంత చల్లబడిందో చూసి అది చెప్పినట్టు వాల్వు ఆడుతుంది. దాన్ని మొదటిసారి విప్పి చూసినప్పుడు మీరు పక్కనుంటే బాగుండేదనిపించింది. మీరైతే ముందు తిట్టి, తరవాత గంటసేపు దాన్ని వదిలేవారు కాదు.

మీ నడుం నొప్పి సంగతి అక్క చెప్పింది. అంత పని ఒక్కరే చెయ్యకండి. నా స్టూలు ఎవరికైనా ఇచ్చెయ్యండి.

మీ బావమరిది

ఏప్రిల్ 2

ఒరేయ్,

స్టూలు ఇచ్చెయ్యమంటావా. ఎంత మాట! ఒక్క కాగితం దగ్గర మాట తేడా వస్తే ఇంత కాలం కూర్చున్న చోటుతో కూడా తెగతెంపులా? ఇంకా నయం, షాపు తగలబెట్టమన్నావు కాదు.

వదిలేద్దాం అనడానికి నువ్వెవరివిరా? నేను లేనన్నావు. ఉన్నానని తేల్చిగాని వదలను. రేపటినుంచి మనం పని చేసిన ప్రతి చోటికీ వెళతాను. ఐసు ఫ్యాక్టరీకి, పూలకొట్టుకి, మందుల గిడ్డంగికి, అన్నింటికీ. పెద్ద మెకానిక్ ఉన్నాడు, మా కళ్ళతో చూశాం అని ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించి నీకు పంపుతాను. అప్పుడు నువ్వూ, ఆ పరీక్షకుడూ కలిసి చదువుకోండి.

గ్యాస్ వదలకూడదన్న సంగతి నాకు ఎప్పుడో తెలుసు. వాల్వుల సంగతి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

నీ బావ

(తమ్ముడూ, నేను అక్కను. మీ బావ కాగితం మడతపెట్టేలోపు లాక్కుని రాస్తున్నాను. నువ్వు స్టూలు ఇచ్చెయ్యమన్నది ఆయన నడుం కోసమని ఎంత చెప్పినా వినడు. పౌరుషం పొడుచుకొచ్చింది. వారం రోజులుగా తనే నీ స్టూలు మీద కూర్చుంటున్నాడు, కుర్చీ ఖాళీగా పడి ఉంది. నిన్న అన్నం ముందు కూర్చుంటే అడిగేశాను. "సొమ్మొకడిది సోకొకడిదా? పనంతా వాడు చేస్తే బటన్ నొక్కి పేరు కొట్టేశారు" అన్నాను. కంచం ముందునుంచి లేవలేదు కానీ ముఖం అటు తిప్పుకుని తిన్నాడు. వెళ్ళనీ. ఊరంతా తిరిగితేనే బుద్ధొస్తుంది. నువ్వు బెంగపెట్టుకోకు.)

ఏప్రిల్ 19

ఒరేయ్ బావమరిదీ,

జాగ్రత్తగా చదువు. రెండోసారి రాయను.

ముందు ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. పెద్ద కంప్రెసర్ విప్పి బిగించినప్పుడు నేనున్నానా లేదా చెప్పమని ఓనరును నిలదీశాను. ఆయన గడ్డం గోక్కుని, "ఎందుకు లేరండీ, ఉన్నారు. అంతా అయిపోయాక మీ బావమరిది ఫోన్ చేస్తే ఆటోలో వచ్చారు. స్విచ్ వేశారు, టీ తాగారు, వెళ్ళారు" అన్నాడు. అది కాదయ్యా, అంతకుముందు అన్నాను. "అంతకుముందు మీకు జ్వరం కదండీ" అన్నాడు. జ్వరం సంగతి నేను మరిచేపోయాను.

అక్కణ్ణుంచి పూలకొట్టుకి. ఆవిడ నన్ను చూడగానే కయ్యానికొచ్చింది. "మీ వాడి మీద నాకింకా కోపం పోలేదు. మెషిను బాగుచేసి చేతులు తుడుచుకున్నాడు. వెయ్యవయ్యా స్విచ్, గులాబీలు వాడిపోతున్నాయి అంటే 'మా బావ రావాలి' అంటాడు. మీరేమో ఏదో పెళ్ళిలో భోజనం చేస్తున్నారు. నేను తిట్టిన తిట్లు ఇంకొకడైతే పారిపోయేవాడు. తల వంచుకుని నిలబడ్డాడు తప్ప స్విచ్ జోలికి పోలేదు" అంది. నాకెప్పుడూ చెప్పలేదేమమ్మా అన్నాను. "మీకెవరు చెబుతారు? మీరు రాగానే స్విచ్ వేసి, చూశావా ఎలా లేచిందో అంటిరి" అంది.

మందుల గిడ్డంగిలోనైనా వేరే మాట అంటారనుకున్నాను. అక్కడి మేనేజరు లేచి కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. టీకాల గది చెడిపోయినప్పుడు వచ్చింది చిన్న మెకానిక్కే, మొత్తం పైపు మార్చింది ఆయనే, మీరు వచ్చి ప్రారంభోత్సవం చేశారు అన్నాడు. ప్రారంభోత్సవమట! నేనేదో రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషినయ్యాను. నా సాక్ష్యం కోసం వెళితే సాక్షులందరూ నీ పక్షమే. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే.

దర్జీ దగ్గర ఇదంతా చెప్పుకుని, నువ్వైనా చెప్పు అన్నాను. వాడు కుట్టు మిషను ఆపకుండానే "ఈ వీధిలో అందరికీ తెలిసిన సంగతేగా" అన్నాడు. నాకు ఒక్కడికే తెలియదన్నమాట.

నా తప్పేమీ లేదు, అది మాత్రం గుర్తుపెట్టుకో. నువ్వు ఒక్కసారైనా వేసెయ్యాల్సింది. వేసి ఉంటే నీ చెయ్యి విరిచేవాణ్ణి, అది వేరే సంగతి.

కొత్త ఉత్తరం రాశాను. ఈసారి దర్జీనీ, మీ అక్కనీ దగ్గరికి రానివ్వలేదు. ఇదిగో:

"నేను రిఫ్రిజిరేషన్ షాపు యజమానిని. కింద రాసిన పనులన్నీ నా బావమరిది మొదటినుంచి చివరిదాకా ఒక్కడే చేశాడు. ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ విప్పి బిగించడం. పూలకొట్టులో లీకు పట్టి, పైపు అతికి, గ్యాస్ నింపడం. మందుల గిడ్డంగిలో టీకాల గది పైపులన్నీ మార్చడం. ఆయా యజమానులు సంతకాలు చేశారు. ప్రతిచోటా స్విచ్ వేసింది మాత్రం నేను. అది నిజం కాబట్టి రాస్తున్నాను. అతనికి చేతకాక నేను వెయ్యలేదు. మెషిను సిద్ధంగా ఉందని అతనికి తెలుసు. తెలిసీ, నేను వచ్చేదాకా ఆగాడు. నేను అక్కడికి వచ్చాక ఏ మెషిన్లోనూ ఏదీ సరిచెయ్యలేదు. సరిచెయ్యాల్సింది ఎప్పుడూ లేదు."

చివరి వాక్యం రాశాక కాసేపు షాపు బయటికి వెళ్ళి నిలబడ్డాను. నువ్వు చిన్నప్పుడు స్పానర్ తలకిందులుగా పట్టుకునేవాడివి. ఎప్పుడు ఇంతవాడివయ్యావో నేను చూసుకోలేదురా.

మీ అక్క నాలుగు రోజులుగా కాఫీ మానిపించింది, అందుకే రాశాను. వేరే ఏమీ అనుకోకు.

నీ బావ

మే 28

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకండి. రాయడానికి కూర్చున్నప్పుడల్లా మళ్ళీ మీ ఉత్తరమే తీసి చదువుకున్నాను. పని తేలాక రాద్దామనుకున్నాను. తేలింది.

అనువాదకురాలు ఈసారి కళ్ళజోడు తియ్యలేదు. చివరి వాక్యాలు రెండుసార్లు చదివి, "దీనికి నాకు డబ్బులివ్వకు" అంది. బలవంతాన ఇచ్చి వచ్చాను. పరీక్షకుడు ఉత్తరం చదువుతూ పూలకొట్టు ఆవిడ సంతకం దగ్గర ఆగాడు. ఆవిడ సంతకం కింద "ఇకనైనా ఇతనికి స్విచ్ వెయ్యడం నేర్పండి" అని రాసింది, మీరు చూశారా? చూసి ఉండరు. ఆయన గట్టిగా నవ్వి, ప్రాక్టికల్ పరీక్షకు తేదీ ఇచ్చాడు.

పరీక్ష ఒక పెద్ద షెడ్డులో. ఒక్కొక్కరికి ఒక్కో బల్ల, ఒక చిన్న చల్లటి పెట్టె, విప్పేసిన పైపులు. నా పక్కన బల్ల దగ్గర నాకంటే పెద్దావిడ, ఎక్కడో ఓడల్లో ఫ్రీజర్లు చూసిన మనిషి, దీర్ఘంగా శ్వాస పీలుస్తూ కూర్చుంది. పైపులు కోసి అతికాను. అతికిన చోటు పరీక్షకుడు వేలితో తడిమి ఏదో రాసుకున్నాడు. గొట్టంలో గాలి తియ్యడానికి చెయ్యి అలవాటుగా ఉస్సుమనిపించబోయింది. టీచరమ్మ ముఖం గుర్తొచ్చి ఆగాను. వాక్యూమ్ నిలిచింది, గ్యాస్ తూచి నింపాను. ఇక ఏమీ మిగల్లేదు.

"నడిపించు" అన్నాడు.

బావా, ఏం చేశానో తెలుసా? పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చాను. నాకు తెలియకుండానే జరిగిపోయింది. ఆయన నన్ను చూస్తున్నాడు, నేను ఆయన్ను చూస్తున్నాను. వయసులో పెద్దవాడు కదా అని నా కాళ్ళు అనుకున్నాయి. ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, "నీ మెషిను" అన్నాడు.

ఒక్క క్షణం మీకోసం తలుపు వైపు చూశాను. నిజంగా చూశాను. తరవాత వేశాను.

అది లేచింది. ఒక్క వణుకు లేదు, ఒక్క దడ లేదు. పెట్టె గోడ మీద చెయ్యి పెట్టి చలి దిగుతుంటే అక్కడే నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది. పక్క బల్ల ఆవిడ నేను పరీక్ష తప్పానేమోనని జాలిపడి నీళ్ళ సీసా అందించింది.

లైసెన్సు నిన్న వచ్చింది. మేనేజరమ్మ పెద్దాయన పక్కన నన్ను మెకానిక్‌గా వేసింది. పెద్దాయన తన గుత్తిలో తాళాలు ఒక్కొక్కటే పరిచయం చేస్తున్నాడు, వాటికి పేర్లు పెట్టుకున్నాడు. మీ చెల్లెలు ఆసుపత్రిలో ముసలమ్మలందరికీ చెప్పేసింది. ఒకామె తన గదిలో ఫ్రిజ్ చూడ్డానికి రమ్మని కబురు కూడా పెట్టింది.

మీరు రాసింది చదువుకుంటూ ఉంటాను. మీ దగ్గర నేర్చుకోకపోతే నేను ఎవర్ని బావా?

మీ బావమరిది

జూన్ 20

ఒరేయ్,

నీ ఉత్తరం నీ మేనకోడలు పైకి చదువుతుంటే దర్జీ మిషను ఆపాడు. లైసెన్సు దగ్గరికి రాగానే మీ అక్క లోపలికి వెళ్ళిపోయింది. బయటికి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అందరికీ కాఫీ ఉంది. వీధిలో అన్ని దుకాణాలకూ నేను టీ పంపాను. పూలకొట్టు ఆవిడకు స్వయంగా వెళ్ళి చెప్పాను. "అబ్బ, వేశాడా చివరికి!" అంది.

అంతా బాగుంది కానీ తలుపు వైపు చూడడమేమిట్రా? నేను అంత దూరం ఆటోలో వస్తాననుకున్నావా?

నడుం కొంచెం నయం. ఎదురు లైన్లో ఒకమ్మాయి టెక్నికల్ స్కూల్లో చదివిందట, పనికి వస్తానంది. రమ్మన్నాను. నీ స్టూలు ఇవ్వలేదు, కొత్తది చేయించాను. మొన్న బేకరీలో ఫ్రీజరు బాగుచేసింది. స్విచ్ దగ్గర ఆగి నావైపు చూసింది. నేను సైకిల్ తాళం వెతుక్కుంటున్నట్టు నటించాను. తనే వేసింది. పని తిన్నగానే చేసింది. చెప్పలేదులే, పొగిడితే పాడవుతారు.

ఇక అసలు సంగతి. మందుల గిడ్డంగిలో కొత్త గది కట్టారు. నువ్వు రాసిన ఆ తనంతట తాను తెరుచుకునే వాల్వు దీనికి ఉంది. కాసేపు బాగా చల్లబడుతుంది, అంతలో పైపు మీద మంచు గడ్డకడుతుంది, అంతలో మళ్ళీ వెచ్చబడుతుంది. ఊయల ఊగినట్టు ఊగుతోంది. గ్యాస్ సరిపోయినంత ఉంది. కండెన్సర్ శుభ్రంగా ఉంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. చెవి పెట్టి విన్నాను, కంప్రెసర్ తప్పు లేదు. కంపెనీవాడు మొత్తం మార్చాలంటున్నాడు, మేనేజరు నన్నడుగుతున్నాడు. లోపలున్న చంటిపిల్లల మందులను ప్రస్తుతానికి పాత గదిలోకి మార్పించాను. అదీ ఎన్నాళ్ళో ఆగదు.

నాకు దీని సంగతి తెలియదురా. ఈ మాట నేను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, మా పెద్దాయనతో కూడా. నీకు తెలుసు. ఏ తీగ ఎక్కడికి వెళుతుందో ఆ అమ్మాయి బొమ్మ గీసింది, దీనితో పంపుతున్నాను. ముందు ఏం చూడాలి, తరవాత ఏం చూడాలి, విడమరిచి రాయి. ఆ సెన్సారు పైపు మీద ఎక్కడ ఉండాలో కూడా రాయి. పనిముట్ల పెట్టె తీసుకుని ఆ గది ముందే కూర్చున్నాను, ఈ ఉత్తరం అక్కడినుంచే రాస్తున్నాను. నువ్వు చెప్పేదాకా దాని మీద చెయ్యి వెయ్యను.

నీ బావ